కుండీ ఎండితే కూతపెట్టే బోర్డు: మైక్రోబిట్‌ను బ్లాకులతో ప్రోగ్రామ్ చేయడం ఎలా?

ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉండి, ప్రోగ్రామింగ్ అనగానే టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మిద్దెతోటలోనో బాల్కనీలోనో ఉన్న ఒక కుండీలో మట్టి తడి ఎంతుందో కొలిచి, ఎండిపోతే బొమ్మ చూపించి చప్పుడు చేసే చిన్న పరికరం తయారుచేద్దాం. ఇలాంటివి బజారులో రెడీమేడ్‌గా కూడా దొరుకుతాయి. కానీ వాటిలో ఎంత ఎండితే ఎండినట్టో తయారుచేసినవాళ్లే తేల్చేసి ఉంటారు. తులసికీ కలబందకూ ఒకే లెక్క పనికిరాదు కదా! ఆ హద్దును మీరే పెట్టుకోవాలంటే ప్రోగ్రామ్ మీ చేతిలో ఉండాలి.

బోర్డు పేరు బీబీసీ మైక్రోబిట్. దాన్ని ప్రోగ్రామ్ చేసే సాధనం పేరు మేక్‌కోడ్. బ్రిటన్‌లో 11, 12 ఏళ్ల స్కూలు పిల్లలకు ఉచితంగా పంచడానికి 2016లో వచ్చిన బోర్డు ఇది. అప్పట్లో దాదాపు 10 లక్షలు పంచారు. 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంతలోనే 25 చిన్న ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సర్, దిక్సూచి, రేడియో అన్నీ ఉన్నాయి. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో స్పీకరు, మైకు కూడా చేరాయి. దాని చిప్ వేగం 64 మెగాహెర్ట్జ్, ర్యామ్ 128 కిలోబైట్లు. మీ చేతిలోని ఫోను ముందు ఇది ఏ మూలకూ రాదు. మట్టి తడి కొలవడానికి మాత్రం ధారాళంగా సరిపోతుంది.

ఇంతకన్నా చాలా చవకగా ఈఎస్‌పీ32 బోర్డులు దొరుకుతాయి, వైఫై కూడా ఉంటుంది, మరి ఇదెందుకు అని తెలిసినవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కొత్తవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది భాష కాదు. ఏదైనా పనిచేయనప్పుడు తప్పు ప్రోగ్రామ్‌లో ఉందా, వైరులో ఉందా, కేబుల్‌లో ఉందా అన్నది తేలకపోవడం. చవక బోర్డుకు తెర విడిగా కలపాలి, బటన్ విడిగా కలపాలి, స్పీకరు విడిగా కలపాలి. కలిపే ప్రతి వైరూ అనుమానించాల్సిన ఇంకో చోటు. మైక్రోబిట్‌లో అవన్నీ బోర్డు మీదే ఉన్నాయి కాబట్టి మన పరికరానికి బయటి వైర్లు మూడే. అందుకే మొదటి బోర్డుగా దీనికే నా ఓటు. రెండో బోర్డు సంగతి చివర్లో చూద్దాం.

కావాల్సిన సామాన్లు

మైక్రోబిట్ రెండో వెర్షన్ తీసుకోండి. ముందువైపు బంగారు రంగులో మెరిసే లోగో, వెనకవైపు స్పీకరు ఉంటే అది రెండోదే. కంప్యూటర్‌కు కలపడానికి మైక్రో యూఎస్‌బీ కేబుల్ కావాలి. ఇంట్లో పాత ఫోను కేబుళ్లు చాలానే ఉంటాయి కానీ వాటిలో కొన్ని చార్జింగ్‌కే పనికొస్తాయి, డేటాను మోయవు. బోర్డు వెలిగినా కంప్యూటర్‌కు కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి. బోర్డు పాడైందనుకున్న సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇవి కాకుండా క్రొకడైల్ క్లిప్పులున్న మూడు వైర్లు, నాలుగు అంగుళాల పొడవున్న రెండు జీఐ మేకులు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి (వరసగా గోధుమ, నలుపు, నారింజ గీతలు, చివర బంగారు రంగు గీత ఉంటాయి), రెండు ట్రిపుల్ ఏ సెల్స్ పట్టే బ్యాటరీ పెట్టె. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో రెసిస్టర్లు, క్లిప్పులు విడిగా అమ్ముతారు. ఇతర ఊళ్లలో రేడియో, టీవీ విడిభాగాల షాపుల్లో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. సోల్డరింగ్ అవసరం లేదు.

మొదటి మెట్టు: బోర్డు మీద ఏదో ఒకటి వెలిగించండి

మట్టి జోలికి తర్వాత వెళ్దాం. కంప్యూటర్లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ తెరిచి మేక్‌కోడ్ డాట్ మైక్రోబిట్ డాట్ ఆర్గ్‌కు వెళ్లండి. ఇన్‌స్టాల్ చేయాల్సిందేమీ లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. కొత్త ప్రాజెక్ట్ తెరిచి దానికో పేరు పెట్టండి.

తెర మూడు భాగాలుగా కనిపిస్తుంది. ఎడమవైపు మైక్రోబిట్ బొమ్మ ఉంటుంది. అది ఉత్త బొమ్మ కాదు, సిమ్యులేటర్. మీరు రాసిన ప్రోగ్రామ్ అసలు బోర్డు మీద ఎలా నడుస్తుందో అక్కడే చూపిస్తుంది. మధ్యలో రంగురంగుల పేర్ల వరస: బేసిక్, ఇన్‌పుట్, మ్యూజిక్, లూప్స్, లాజిక్, వేరియబుల్స్ వగైరా. వాటి మీద నొక్కితే బ్లాకులు బయటికొస్తాయి. కుడివైపు ఖాళీ స్థలంలోకి వాటిని లాగి ఒకదానికొకటి తగిలించడమే ప్రోగ్రామింగ్. అతకకూడనివి అతకవు. స్పెల్లింగ్ తప్పులుండవు, కామా మర్చిపోయి గంటసేపు వెతుక్కోవడం ఉండదు.

ఆ ఖాళీ స్థలంలో రెండు బ్లాకులు ముందే ఉంటాయి. ‘ఆన్ స్టార్ట్’లో పెట్టింది బోర్డు ఆన్ కాగానే ఒక్కసారి జరుగుతుంది. ‘ఫరెవర్’లో పెట్టింది కరెంటు ఉన్నంతసేపూ మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది. ఏ ఎంబెడెడ్ పరికరం (లోపల చిన్న కంప్యూటర్ దాగి ఉన్న వస్తువు) తీసుకున్నా, అది వాషింగ్ మెషీనైనా లిఫ్టైనా, లోపల ప్రోగ్రామ్‌కు ఉండే ఆకారం దాదాపు ఇదే. ఒకసారి సిద్ధమవడం, ఆ తర్వాత అంతులేకుండా చూస్తూ ఉండటం.

బేసిక్ నుంచి ‘షో ఐకాన్’ బ్లాకు తెచ్చి ఆన్ స్టార్ట్‌లో పెట్టండి. హృదయం బొమ్మ సిమ్యులేటర్‌లో వెంటనే వెలుగుతుంది. ఇప్పుడు బోర్డును కంప్యూటర్‌కు కలిపి, డౌన్‌లోడ్ బటన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ‘కనెక్ట్ డివైస్’ ఎంచుకోండి. ఒకసారి జత కలిస్తే ఆ తర్వాత డౌన్‌లోడ్ నొక్కడమే, ప్రోగ్రామ్ నేరుగా బోర్డులోకి వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్, సఫారీ వాడేవాళ్లకు ఈ జత కలవదు. డౌన్‌లోడ్ నొక్కితే ఒక హెక్స్ ఫైలు వస్తుంది. బోర్డు పెన్‌డ్రైవ్‌లా ‘మైక్రోబిట్’ అనే పేరుతో కనబడుతుంది కాబట్టి ఆ ఫైలును దాంట్లోకి లాగి వదలండి. కాసేపు వెనకవైపు లైటు మిణుకుమంటుంది, ఆ తర్వాత హృదయం వెలుగుతుంది.

డ్రైవ్ పేరు ‘మైక్రోబిట్’ బదులు ‘మెయింటెనెన్స్’ అని కనబడితే కంగారు పడకండి. బోర్డు వెనకున్న రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టారన్నమాట. తీసి, బటన్ ముట్టుకోకుండా మళ్లీ పెట్టండి.

కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లో మైక్రోబిట్ యాప్ వేసుకుని బ్లూటూత్ ద్వారా కూడా ప్రోగ్రామ్ పంపవచ్చు. జత కలపడానికి బోర్డు మీది ఏ, బీ బటన్లు రెండూ నొక్కి పట్టుకుని వెనక రీసెట్ నొక్కి వదలాలి. పని జరుగుతుంది కానీ చిన్న తెర మీద బ్లాకులు లాగడం కాస్త విసుగు పుట్టిస్తుంది.

రెండో మెట్టు: మూడు వైర్లు

తడి మట్టిలో కరెంటు కొంత సులభంగా పారుతుంది, ఎండిన మట్టిలో పారదు. నీళ్లలో కరిగిన లవణాలు దీనికి కారణం. ఒక మేకు నుంచి కరెంటు పంపి, మట్టిలోంచి రెండో మేకుకు ఎంత వచ్చిందో కొలిస్తే తడి గురించి ఒక అంచనా దొరుకుతుంది.

మైక్రోబిట్ కింది అంచున రంధ్రాలున్న ఐదు పెద్ద పట్టీలు ఉంటాయి: 0, 1, 2, 3వీ, గ్రౌండ్ (బోర్డు మీద జీఎన్‌డీ అని ఉంటుంది). చిన్న పట్టీలతో ఈరోజు మనకు పని లేదు.

మొదటి వైరు: 1వ పట్టీ నుంచి మొదటి మేకుకు. రెండో వైరు: 2వ పట్టీ నుంచి రెండో మేకుకు. మూడోది: గ్రౌండ్ పట్టీ నుంచి రెసిస్టర్ ఒక కాలికి. రెసిస్టర్ రెండో కాలిని రెండో మేకు తలకు చుట్టండి. రెండో వైరు క్లిప్ దాన్నీ మేకునూ కలిపి పట్టుకోవాలి. క్లిప్పులను పట్టీలకు నిలువుగా పెట్టండి, అడ్డంగా పెడితే పక్క పట్టీకి తగులుతాయి.

ఇంటర్నెట్‌లో కనబడే ప్రాజెక్టుల్లో చాలావరకు ఒక మేకును 3వీకి, ఇంకోదాన్ని 0కి కలిపి, రెసిస్టర్ లేకుండానే వదిలేస్తారు. అదీ పనిచేస్తుంది. కానీ నేను మూడు కారణాలతో మార్చాను.

3వీకి కలిపితే మేకులోంచి రోజంతా కరెంటు పారుతూనే ఉంటుంది. తడి మట్టిలో అలా పారితే లోహం కరిగి తుప్పుపడుతుంది, ఆ లోహం మొక్క వేళ్ల దగ్గరికే చేరుతుంది. 1వ పట్టీని ప్రోగ్రామ్‌తో ఆన్, ఆఫ్ చేయవచ్చు కాబట్టి కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చి ఆపేద్దాం. ఇక 0వ పట్టీ సంగతి: మైక్రోబిట్ చప్పుడు చేసినప్పుడు స్పీకరుతో పాటు 0వ పట్టీకి కూడా ఆ సిగ్నల్ వెళ్తుంది. దాన్నే కొలతకు వాడితే రెండు పనులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. చాలామంది కారణం తెలియక తల పట్టుకునేది ఇక్కడే. రెసిస్టర్ ఎందుకంటే, మేకులు మట్టిలో లేనప్పుడు 2వ పట్టీ గాలిలో వేలాడుతూ అర్థంలేని సంఖ్యలు చూపిస్తుంది. గ్రౌండ్‌కు కట్టిన రెసిస్టర్ దాన్ని కిందికి లాగి సున్నా దగ్గర నిలబెడుతుంది. పైగా రెండు మేకులూ పొరపాటున తగులుకున్నా కరెంటును అదే అదుపులో ఉంచుతుంది, బోర్డుకు ఏమీ కాదు.

మూడో మెట్టు: కొలిచే బ్లాకు

వేరియబుల్స్‌లోకి వెళ్లి ‘మేక్ ఎ వేరియబుల్’ నొక్కి, ఇంగ్లిష్ అక్షరాల్లో తడి అని పేరు పెట్టండి. వేరియబుల్ అంటే ఒక విలువను దాచుకునే పేరున్న డబ్బా లాంటిది. తర్వాత అడ్వాన్స్‌డ్ కింద ఫంక్షన్స్‌లో కొలత అనే పేరుతో ఒక ఫంక్షన్ చేయండి. ఫంక్షన్ అంటే కొన్ని బ్లాకులను కట్టగట్టి ఒక పేరు పెట్టుకోవడం. తర్వాత ఆ పేరు పిలిస్తే చాలు, లోపలి పనంతా జరిగిపోతుంది.

కొలతలో వరసగా నాలుగు బ్లాకులు పెట్టండి. పిన్స్ నుంచి ‘డిజిటల్ రైట్ పిన్’ తెచ్చి, పిన్‌ను పి1గా, విలువను 1గా మార్చండి (మేక్‌కోడ్ పట్టీలను పిన్‌లంటుంది, పి1 అంటే 1వ పట్టీ). దీంతో మొదటి మేకుకు కరెంటు వెళ్తుంది. బేసిక్ నుంచి ‘పాజ్’ తెచ్చి 100 పెట్టండి. ఇక్కడ లెక్క మిల్లీసెకన్లలో ఉంటుంది, 1000 అంటే ఒక సెకను. మూడోది వేరియబుల్స్ నుంచి ‘సెట్ తడి టు’, దాని ఖాళీలో ‘అనలాగ్ రీడ్ పిన్ పి2’. చివరగా మళ్లీ డిజిటల్ రైట్, పి1, ఈసారి 0.

అనలాగ్ రీడ్ 0 నుంచి 1023 వరకు ఒక సంఖ్య ఇస్తుంది. సున్నా అంటే కరెంటేమీ చేరలేదు, 1023 అంటే ఇచ్చిందంతా చేరింది.

ఇప్పుడు ఇన్‌పుట్ నుంచి ‘ఆన్ బటన్ ఏ ప్రెస్డ్’ తెచ్చి, అందులో కొలతను పిలిచి, కిందే ‘షో నంబర్’లో తడి పెట్టండి. సిమ్యులేటర్‌లో పి2 దగ్గర ఒక జారుడు పట్టీ కనబడుతుంది. దాన్ని పైకీ కిందికీ జరుపుతూ ఏ నొక్కి చూడండి. సరిగ్గా ఉందనుకుంటే బోర్డులోకి దించండి.

కుండీ దగ్గరికి వెళ్లేముందు బల్ల మీదే పరీక్షించండి. మేకులు విడివిడిగా ఉంచి ఏ నొక్కితే సున్నా గానీ దానికి దగ్గర సంఖ్య గానీ రావాలి. రెండూ తాకించి నొక్కితే 1023కు దగ్గరగా రావాలి. ఈ రెండూ వచ్చాయంటే వైర్లూ ప్రోగ్రామూ సరిగ్గా ఉన్నట్టే. రాకపోతే ముందుకు పోకండి, ఇక్కడే సరిచేసుకోండి. మట్టిలో పెట్టాక వచ్చే ఏ తేడా అయినా మట్టి వల్లే అని అప్పుడే నమ్మకంగా చెప్పగలం.

పిల్లలు పక్కనుంటే ఇంకో సరదా ప్రయోగం. ఒక గ్లాసులో ఫిల్టర్ నీళ్లు పోసి మేకులు ముంచి సంఖ్య చూడండి. చిటికెడు ఉప్పు కలిపి మళ్లీ చూడండి. తడి మారలేదు, సంఖ్య మాత్రం ఎగబాకుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

నాలుగో మెట్టు: నిర్ణయానికి ముందు సంఖ్యలు

ఈ మొత్తం పనిలో తొందరపడకూడని మెట్టు ఇదే. ‘300 కన్నా తక్కువైతే ఎండినట్టు’ అని ఎక్కడో చదివి అదే పెట్టేసుకుంటే పరికరం అబద్ధం చెబుతుంది. ఆ 300 వాళ్ల మట్టిది, వాళ్ల మేకులది, వాళ్ల నీళ్లది.

మేకులు ఎంత లోతు దిగాయి, వాటి మధ్య దూరమెంత అన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. కాబట్టి ఒక చిన్న చెక్క ముక్కకో గట్టి ప్లాస్టిక్ ముక్కకో రెండు రంధ్రాలు చేసి, మూడు సెంటీమీటర్ల దూరంలో మేకులను దిగ్గొట్టండి. ఇక దూరం మారదు, లోతూ మారదు. మిద్దెతోటల్లో వాడే కోకోపీట్, ఎరువు కలిపిన మట్టి వదులుగా ఉంటుంది. మేకు చుట్టూ వేలితో నొక్కి సర్దకపోతే గాలి సందులు మిగిలి, తడి ఉన్నా సంఖ్య తక్కువ వస్తుంది.

నీళ్లను బట్టి కూడా తేడా ఉంటుంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, ఆర్‌ఓ నీళ్లలో చాలా తక్కువ. గ్లాసులో ఉప్పు చేసిన పనే కుండీలో బోరు నీళ్లూ చేస్తాయి. మొక్కకు రోజూ ఏ నీళ్లు పోస్తారో వాటితోనే కొలతలు తీసుకోండి. ఎరువు వేసిన వెంటనే తీసుకున్న కొలతను అస్సలు నమ్మకండి. లవణాలు పెరిగి, మట్టి ఎండుతున్నా తడిగా ఉన్నట్టు చూపిస్తుంది.

మేకులు కుండీలో దిగ్గొట్టి, కాగితం మీద మూడు సంఖ్యలు రాసుకోండి. నీళ్లు పోసి, అదనపు నీరు కిందికి కారిపోయాక వచ్చినది ఒకటి. మీ చేతివేళ్లకు ‘ఈరోజు పోయాలి’ అనిపించిన రోజున వచ్చినది రెండోది. ఆకులు వాలడం మొదలైనప్పటిది మూడోది. దీనికోసం మొక్కను ఎండబెట్టనక్కర్లేదు, ఎప్పుడైనా మర్చిపోయి అలా జరిగితే నొక్కి చూసుకోండి. కొలతలు ఒకే వేళకు తీయండి. మట్టి వేడి కూడా సంఖ్యను కొంత మారుస్తుంది, మే నెల మధ్యాహ్నపు కొలతను తెల్లవారుజాము కొలతతో పోల్చకండి.

వేళ్లతో తాకి చూసే అమ్మమ్మల లెక్కనే ఇక్కడ సంఖ్యగా మార్చుకుంటున్నాం. పరికరం కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. రెండో సంఖ్యే మీ హద్దు.

ఐదో మెట్టు: ఇప్పుడు నిర్ణయం

ఇప్పుడు బోర్డుకు ఆలోచన నేర్పుదాం. ఉదాహరణకు మీ హద్దు 420 అనుకుందాం. ఫరెవర్‌లో ముందు కొలతను పిలవండి. లాజిక్ నుంచి ‘ఇఫ్ ఎల్స్’ తెచ్చి, షరతులో ‘తడి 420 కన్నా తక్కువ’ అని అమర్చండి. తక్కువైతే ఏడుపు ముఖం ఐకాన్, మ్యూజిక్ నుంచి చిన్న ‘ప్లే టోన్’. కాకపోతే నవ్వు ముఖం. ఇఫ్ కింద 2000 పాజ్, ‘క్లియర్ స్క్రీన్’, ఆ తర్వాత 6,00,000 మిల్లీసెకన్ల పాజ్, అంటే పది నిమిషాలు. బ్లాకులో రాసేటప్పుడు కామాలు పెట్టకూడదు.

మట్టి నిమిషానికో రకంగా మారదు. పది నిమిషాలకోసారి చూస్తే ఎక్కువే. ఎల్‌ఈడీలు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే సెల్స్ తొందరగా అయిపోతాయి కాబట్టి రెండు సెకన్లు చూపించి ఆర్పేస్తున్నాం. ఫరెవర్ పది నిమిషాల పాజ్‌లో నిద్రపోతున్నా ఏ బటన్ మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. పాజ్‌లో ఉన్న పనిని పక్కనపెట్టి మేక్‌కోడ్ మిగతావాటికి అవకాశమిస్తుంది. అదే ఇంకో భాషలో మొదలుపెట్టి ఉంటే ఈ సదుపాయం కోసం కొంచెం కష్టపడాల్సి వచ్చేది.

రెండు రోజులు వాడాక ఒక చికాకు బయటపడుతుంది. సంఖ్య 419, 421 మధ్య ఊగుతున్నప్పుడు బోర్డు ఒకసారి ఏడుస్తుంది, ఒకసారి నవ్వుతుంది. మందు తేలికే: హద్దులు రెండు పెట్టుకోండి. ‘దాహం’ అనే ఇంకో వేరియబుల్ చేసి, తడి 420 కన్నా తగ్గితే దాన్ని 1 చేయండి, 500 దాటితేనే 0 చేయండి. ముఖం ఏది చూపాలో ఆ దాహాన్ని బట్టి నిర్ణయించండి. మధ్యలో ఎంత ఊగినా ముఖం మారదు. ఏసీల్లో, ఫ్రిజ్‌ల్లో కంప్రెసర్ మాటిమాటికీ ఆన్, ఆఫ్ కాకుండా ఉండటానికి వాడే కిటుకు ఇదే.

ఇంకో షరతు తప్పకుండా చేర్చండి: తడి 20 కన్నా తక్కువైతే ఏడుపు ముఖం కాకుండా ఇంటూ గుర్తు (×) ఐకాన్ చూపించాలి. పూర్తిగా ఎండిన మట్టిలోనూ ఇంత తక్కువ రావచ్చు కానీ, మామూలుగా నీళ్లు పోసే కుండీలో సున్నా వచ్చిందంటే క్లిప్ ఊడిందని అనుమానించడమే మంచిది. కుండీని మూడు రోజులు మర్చిపోతే ఏంటంటారా? ఆ గుర్తు కనబడితే ఎలాగూ కుండీ దగ్గరికి వెళ్తారు, విషయం అక్కడే తెలుస్తుంది.

చప్పుడు రాత్రిపూట ఇబ్బంది పెడితే, ‘లైట్ లెవెల్’ బ్లాకుతో చీకటిగా ఉన్నప్పుడు మోగకుండా ఆపవచ్చు. మైక్రోబిట్ తన ఎల్‌ఈడీలతోనే వెలుగును కొలుస్తుంది. దానికి విడిగా సెన్సర్ అక్కర్లేదు.

సంఖ్యలను దాచుకోవడం

హద్దు సరైనదో కాదో తేల్చుకోవాలంటే వారం రోజుల సంఖ్యలు ఒకచోట చూడాలి. ‘ఎక్స్‌టెన్షన్స్’ నొక్కి డేటాలాగర్ చేర్చుకోండి. ఫరెవర్‌లో కొలత తర్వాత ‘లాగ్ డేటా’ బ్లాకు పెట్టి, పేరు తడి అనీ విలువ తడి వేరియబుల్ అనీ ఇవ్వండి. వారం తర్వాత బోర్డును కంప్యూటర్‌కు కలిపితే మైక్రోబిట్ డ్రైవ్‌లో ‘మై డేటా’ అనే ఫైలు ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే పట్టిక, గ్రాఫ్ రెండూ కనబడతాయి. ఇది రెండో వెర్షన్‌లోనే ఉంది. కొత్త ప్రోగ్రామ్ దించితే పాత లెక్కలు చెరిగిపోతాయి, ముందే ఆ ఫైలును కాపీ చేసి పెట్టుకోండి.

గ్రాఫ్‌లో నీళ్లు పోసిన ప్రతిసారీ నిటారుగా లేచే గీత, ఆ తర్వాత మెల్లగా దిగే వాలు కనిపిస్తాయి. పగలు వాలు ఎక్కువగా, రాత్రి తక్కువగా ఉంటుంది. వాలు చూస్తే ఏ కుండీ ఎంత తాగుతుందో మీకే తెలిసిపోతుంది.

ఇంట్లో కూర్చుని చూడాలంటే

రెండో మైక్రోబిట్ ఉంటే మేడ మీది సంఖ్యను కింద హాల్లో చూడవచ్చు. రెండు బోర్డుల ఆన్ స్టార్ట్‌లోనూ రేడియో నుంచి ‘సెట్ గ్రూప్’ పెట్టి ఒకే సంఖ్య ఇవ్వండి, 0 నుంచి 255 వరకు ఏదైనా సరే. పైబోర్డు ‘రేడియో సెండ్ నంబర్ తడి’ అంటుంది, కింది బోర్డు ‘ఆన్ రేడియో రిసీవ్డ్’లో వచ్చినదాన్ని చూపిస్తుంది. వైఫై, ఇంటర్నెట్ అక్కర్లేదు. స్లాబులు, గోడలు అడ్డొస్తే దూరం బాగా తగ్గిపోతుంది, మెట్ల దగ్గరో కిటికీ దగ్గరో పెట్టి చూడండి. ఈ రేడియోకు రహస్యం లేదు. అదే గ్రూప్ పెట్టుకున్న బోర్డు దగ్గర్లో ఎవరిదున్నా అందుకుంటుంది. స్కూల్లో పిల్లలంతా గ్రూప్ 1 పెట్టుకుంటే ఒకరి కుండీ ఇంకొకరి బల్ల మీద ఏడుస్తుంది.

బ్లాకుల తర్వాత

మేక్‌కోడ్ తెర పైన జావాస్క్రిప్ట్, పైథాన్ అనే ఎంపికలు ఉంటాయి. పైథాన్ నొక్కితే మీరు పేర్చిన బ్లాకులే అక్షరాల్లో కనబడతాయి. 420ని అక్కడ 450 చేసి, మళ్లీ బ్లాకులకు రండి, అక్కడా మారి ఉంటుంది. మీకు తెలిసిన ప్రోగ్రామే ఇంకో లిపిలో కనబడుతుంది కాబట్టి భయం పోతుంది. పైథాన్ నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకైతే కనబడలేదు. అయితే ఇది మేక్‌కోడ్ సొంత పైథాన్. ఆదేశాల పేర్లు మిగతా బోర్డుల మీద నడిచే మైక్రోపైథాన్‌కు కొంచెం తేడాగా ఉంటాయి.

డేమియన్ జార్జ్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 2013లో ప్రజల నుంచి చందాలు సేకరించి మైక్రోపైథాన్ మొదలుపెట్టాడు. చిన్న చిప్‌లలో ఇమిడేలా కుదించిన పైథాన్ అది. మైక్రోబిట్‌లోనూ నడుస్తుంది, దానికి విడిగా పైథాన్ ఎడిటర్ ఉంది. ఫోన్‌కు మెసేజ్ రావాలి, ఊళ్లో లేనప్పుడూ తెలియాలి అంటే మాత్రం వైఫై కావాలి, అది మైక్రోబిట్‌లో లేదు. అప్పుడు రాస్ప్‌బెర్రీ పై పికో డబ్ల్యూకో ఈఎస్‌పీ32కో మారండి. అక్కడ మైక్రోపైథాన్, కంప్యూటర్లో థానీ అనే ఉచిత ఎడిటర్ చాలు. మేకులు, రెసిస్టర్, హద్దు లెక్క, అన్నీ ఇవే వాడుకోవచ్చు. సంఖ్యల కొలమానం మాత్రం మారుతుంది, అనలాగ్ కొలత అక్కడ 1023తో ఆగదు. కాబట్టి నాలుగో మెట్టు మళ్లీ చేయాలి.

మేకుల బదులు కెపాసిటివ్ సెన్సర్ (లోహం మట్టికి తగలకుండానే తడిని కొలిచే రకం) వాడితే తుప్పు బాధ ఉండదు, ఏళ్ల తరబడి మట్టిలోనే ఉంచాలనుకునేవాళ్లకు అదే మేలు. మామూలుగా దొరికే రకంలో లెక్క తిరగబడుతుంది: తడి పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతుంది. షరతులో గుర్తు మార్చడం మర్చిపోకండి.

పంపు పెట్టాలనుకునేవారికి

ఇంతవరకు వచ్చినవాళ్లు తప్పకుండా అడిగేది, మోటారు కూడా తనే ఆన్ చేసుకోవచ్చు కదా అని. చేసుకోవచ్చు. పంపును మాత్రం మైక్రోబిట్ పట్టీకి నేరుగా కలపకండి, అంత కరెంటు అది ఇవ్వలేదు, చిప్ కాలిపోతుంది. 5 వోల్టుల చిన్న నీటి పంపు, దానికి విడి పవర్ సప్లై, మధ్యలో రిలే మాడ్యూల్ (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టాలి. కొన్ని రిలేలు 3 వోల్టుల సిగ్నల్‌కు పలకవు, కొనేటప్పుడే 3 వోల్టులకు పనిచేసేది అడగండి. 230 వోల్టుల మోటార్ల జోలికి ఈ బోర్డుతో వెళ్లవద్దు.

ప్రోగ్రామ్‌లో రెండు కట్టుబాట్లు ఉండి తీరాలి. క్లిప్ ఊడి సంఖ్య సున్నా అయితే, దాన్ని ఎండడంగా లెక్కేసే ప్రోగ్రామ్ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు పోస్తూనే ఉంటుంది. అందుకే ఐదో మెట్టులో పెట్టిన 20 షరతు వచ్చినప్పుడు పంపు కదలకూడదు. రెండోది, ఒక్కసారికి ఐదు సెకన్లకు మించి పంపు నడవకూడదు. నడిచాక నీళ్లు మట్టిలోకి ఇంకడానికి పది నిమిషాలు ఆగి, మళ్లీ కొలిచి, అప్పుడు నిర్ణయించాలి. ముందు పంపును ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి నడిపి, మేకులను చేత్తో పైకి లాగి, నిజంగా ఆగుతుందో లేదో చూశాకే కుండీకి కలపండి.